ఎదురుకాళ్ళ లీలావతి

నన్ను తన్నమని అడగడానికి తప్ప నా ఇంటికి ఎవరూ రారు. కోపంతో అంటున్న మాట కాదిది, ఉన్న మాట.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. తల ముందు రావాల్సింది పోయి పాదాలు ముందొచ్చాయి. మా అమ్మ ప్రాణం మీదికి వచ్చిందట గానీ, ఆ సంగతి ఎవరికీ పట్టదు. అలా పుట్టినవాళ్ళు కాలితో తంతే పట్టేసిన నడుం విడుస్తుందనీ, బెణికిన కాలు సర్దుకుంటుందనీ మా వైపు ఒక నమ్మకం. తెనాలిలో చిన్నప్పుడు వీధి వీధంతా నన్ను చంకనేసుకుపోయి తన్నించుకునేది. ఢిల్లీ వచ్చి ఆఫీసులో ఫైళ్ళు తిరగేస్తూ జీవితం గడిపాను. అక్కడ ఈ విద్య గురించి ఎవరికీ చెప్పలేదు. మేడమ్ అని పిలిచేవాళ్ళు లేచి వచ్చి, మేడమ్ ఒక తన్ను తన్నండి అంటే బాగుండదు కదా.

చెప్పింది ఒక్క సరోజకే. జనక్‌పురిలో మా కింది ఫ్లాట్ ఆవిడది. ఒకసారి వాళ్ళాయన సదాశివరావు గారు గ్యాస్ సిలిండర్ ఎత్తబోయి వంగినవారు వంగినట్టే ఉండిపోయారు. మాత్రలు, పట్టీలు ఏవీ పనిచేయలేదు. మాటల మధ్య నా పుట్టుక సంగతి నోరు జారాను. మర్నాడు ఆదివారం పొద్దున్నే ఇద్దరూ నా గుమ్మంలో ఉన్నారు. "లీలావతి గారూ, మా ఆయన్ని ఓసారి తన్నిపెట్టరూ?" అంది సరోజ. ఆవిడ ముఖంలో నవ్వు లేదు. ఆయన చాప మీద బోర్లా పడుకుంటే కుడికాలితో మూడుసార్లు నడుం మీద తాకించాను. లేచి నిలబడ్డారు. ఎలాగూ ఆ రోజుకి తగ్గేదేమో, ఆ దేవుడికే తెలియాలి.

అప్పట్నుంచి ఆదివారాలు నావి కావు. మా బ్లాకులో తెలుగువాళ్ళు, వికాస్‌పురి నుంచి ఒకరిద్దరు, ద్వారక నుంచి మెట్రోలో మరొకరు. పైకి విసుక్కునేదాన్ని. 'నేనేమన్నా డిస్పెన్సరీ పెట్టానా' అనేదాన్ని. శుక్రవారం నుంచే మినప్పప్పు ఉందో లేదో చూసుకునేదాన్ని కూడా. తన్నడం ఒక్క నిమిషం పని. ఆ తర్వాత ఇడ్లీలు తింటారు, కాఫీ తాగుతారు, పిల్లల మార్కులు చెప్తారు, ఆడపడుచుల్ని ఆడిపోసుకుంటారు. పదకొండింటికల్లా లేచి వెళ్ళిపోతారు. మళ్ళీ ఆదివారం దాకా నా ఫోన్ మోగితే అది బ్యాంకు వాళ్ళదే. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని నిలదీసేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. రిటైరయ్యాక ఇల్లు మరీ పెద్దదైపోయింది. నాకు ఆ ఆదివారాలు కావాలి. సిగ్గు విడిచి చెప్తున్నాను.

అలాంటి కాలు బెణికింది.

వానలు పడుతున్న రోజులు. పాల బూత్ నుంచి వస్తూ, ఊడిపోయిన ఫుట్‌పాత్ పలక మీద కాలేశాను. పలక ఒక పక్కకి ఒరిగింది, కుడిపాదం లోపలికి మడత పడింది. చీలమండ దగ్గర టప్పుమని చప్పుడయింది. అక్కడే కూలబడ్డాను. ఈ-రిక్షా అతను చెయ్యందించి ఎక్కించాడు. ఇంటికొచ్చి, రెండంతస్తుల మెట్లు కూర్చుని కూర్చుని ఎక్కాను.

ఎవరికైనా ఫోన్ చేద్దామని తీశాను. సరోజ పేరు దగ్గర ఆగాను. ఎదురుకాళ్ళ మనిషికే కాలు బెణికిందంటే ఇంకేముంది, ఆ కాలుకి విలువేముంటుంది? 'అయ్యో, మీరు రెస్ట్ తీసుకోండి, మేం ఇబ్బంది పెట్టం' అంటారు. మర్యాదస్తులు, నిజంగానే ఇబ్బంది పెట్టరు. ఫోన్ పక్కన పెట్టేశాను. వేడినీళ్ళలో ఉప్పేసి కాలు ముంచాను. నొప్పుల మందు రాసి, పళ్ళు బిగబట్టి గట్టిగా మర్దనా చేసుకున్నాను. నన్ను నేనే తన్నుకునే వీలుంటే అదీ చేసేదాన్ని. తెల్లారేసరికి పాదం చెప్పులో పట్టలేదు.

మార్కెట్ వెనక ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. అక్కడి ఇషిత అనే అమ్మాయి తెలుగువాళ్ళ పిల్లే, ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ నోరు విప్పితే హిందీయే. నా కాలు చూడగానే, "మాలిష్ కిస్‌నే కీ?" అంది. మర్దనా ఎవరు చేశారని.

"నేనే. వేడినీళ్ళ కాపడం కూడా పెట్టాను" అన్నాను.

తల పట్టుకుంది. పైన ఉన్న డాక్టరు దగ్గరికి పంపి ఎక్స్‌రే తీయించింది. ఎముక విరగలేదు. చీలమండ బయటి వైపు ఎముకను పాదానికి కట్టిపడేసే లిగమెంట్ కొంత చిరిగిందట. చీర ఫాల్ కుట్టు సగం ఊడినట్టన్నమాట అని నేనంటే, ఇషిత నవ్వి, "బిల్కుల్" అంది, అచ్చం అంతేనని. తాజా బెణుకుకి వేడి తగిలిస్తే, రుద్దితే వాపు ఇంకా పెరుగుతుందట. మొదటి రోజుల్లో గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి, సాగే పట్టీ కట్టాలి, కాలు దిండు మీద ఎత్తి పెట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర్లో చెప్పింది. వాపూ నొప్పీ తగ్గినంత మాత్రాన లిగమెంట్ అతుక్కున్నట్టు కాదు. ఆ తేడా తెలీకే జనం మళ్ళీ పరిగెత్తి, మళ్ళీ మడతేసుకుని, ఈసారి పూర్తిగా తెంపుకుంటారు. చీలమండకి కట్టుకునే బెల్టు ఒకటిచ్చి, కొన్ని వారాలు ఈ కాలుతో మెట్లు కూడా జాగ్రత్తగా ఎక్కమంది.

"కాలుతో ఎవర్నైనా తాకించొచ్చా?" అని అడిగాను.

విషయం చెప్పక తప్పలేదు. ఇషిత కళ్ళు పెద్దవయ్యాయి. "ఆంటీ, ఆప్ లోగోం కో లాత్ మార్తీ హై?" అంది, మనుషుల్ని తంతారా అని. నవ్వు ఆపుకోలేకపోయింది. నాకూ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో ఒక మనిషితో కలిసి నవ్వాను. ఆ తర్వాత ఆ పిల్ల ముఖం సీరియస్‌గా పెట్టి, వద్దు, ఎవర్నీ తన్నొద్దు అని చెప్పింది.

సరేనన్నాను. ఆదివారం సరోజ వెంటబెట్టుకొచ్చిన మనిషిని తన్నాను.

బెల్టు చీర కుచ్చిళ్ళ కింద కనపడకుండా దాచాను. పాదం తాకించేటప్పుడు ప్రాణం పోయినంత పనైంది. ఆయన మాత్రం హాయిగా ఉందన్నాడు. ఇడ్లీలు తిన్నారు, కాఫీ తాగారు. వాళ్ళు వెళ్ళాక ఐసు పెట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ వాచింది.

తర్వాతి ఆదివారం సరోజ పార్కులో పరిచయమైన పిల్లనొకదాన్ని పంపించింది. పేరు భానుశ్రీ. కరీంనగర్ వైపు. కేంద్ర పోలీసు దళాల్లో ఎస్సై ఉద్యోగానికి రాస్తోంది. ముఖర్జీ నగర్‌లో కోచింగ్ అయ్యాక, పరుగు ప్రాక్టీసుకి పెద్ద పార్కుందని జనక్‌పురిలో పీజీ హాస్టల్‌కి మారింది. రెండుసార్లు రాతపరీక్షలోనే పోయింది. ఈసారి పాసైంది. నెలాఖర్న పరుగు, లాంగ్‌జంప్. అంతలో పార్కులో కాలు మడతపడింది.

"ఇంట్ల ఇదే ఆఖరంటున్నరు ఆంటీ" అంది కుర్చీలో కూర్చుంటూ. "ఈసారి రాకుంటే వచ్చి పెండ్లి చేసుకొమ్మంటున్నరు. సరోజాంటీ చెప్పిండ్రు, మీ కాలు తాకితే చాలని."

కాలు చూశాను. బయటి వైపు కొద్దిగా వాపు, ఎముక కింద కమిలిన నీలం. నా కాలుకంటే చాలా నయం. నడవగలుగుతోంది. ఏం చెప్పాలో నాకు బాగా తెలుసు. నాలుగు వీధుల అవతల ఇషిత ఉందని చెప్పాలి. నోటిదాకా వచ్చింది కూడా.

"మీరు ఒక్కలే ఉంటరా ఆంటీ ఇక్కడ?" అని అడిగింది ఆ పిల్ల. గోడల మీద ఫొటోలేవీ లేవని గమనించినట్టుంది. "నాకు గూడ మస్తు బోరనిపిస్తది. పీజీల అందరు ఫోన్లల్ల తలకాయ పెట్టి కూసుంటరు. ఎవ్వలితోని మాట్లాడాలె?"

ఆ మాట తర్వాత నేను క్లినిక్ సంగతి ఎత్తలేదు. నా కుడిపాదం మూడుసార్లు ఆమె చీలమండకి ఆనించాను, గట్టిగా కాదు, పువ్వు తాకించినట్టు. ఆపైన ఒక అబద్ధమాడాను.

"ఒక్కసారితో అవదమ్మా. మూడు ఆదివారాలు వరసగా రావాలి" అన్నాను.

అలాంటి నియమం ఎక్కడా లేదు. తన్నడం ఒక్కసారే. ఎవరికీ మూడు వారాలని చెప్పలేదు. నా మనసు మాత్రం తెలివిగా సర్దిచెప్పుకుంది. ఐసు పెట్టడం నేర్పాను కదా, పట్టీ కట్టాను కదా, మూడో ఆదివారం దాకా పరిగెత్తొద్దని చెప్పాను కదా, ఇందులో నష్టమేముంది? ఇషిత చెప్పినవాటిలో చాలావరకు మా అమ్మమ్మ చిట్కాల్లా చెప్పాను. పిల్ల పెసరట్లు తింది. తిన్న ప్లేటు తనే కడిగింది. వద్దన్నా వినకుండా నా గిన్నెలు కూడా కడిగింది. వంటింట్లో ఇంకొకరు తిరుగుతున్న చప్పుడు హాల్లో కూర్చుని విన్నాను. ఆ వారమంతా ఫోన్ చేసింది. ఐసెంతసేపు పెట్టాలి, మెంతికూర పప్పులో ఉప్పెప్పుడు వెయ్యాలి, అన్నీ నన్నే అడిగింది. శనివారం నేను కొత్త దుప్పటి పరిచాను. ఎందుకు పరిచానో ఎవరైనా అడిగితే చెప్పలేను.

ఆదివారం వచ్చింది గానీ, మెట్ల మీద అడుగుల చప్పుడు తేడాగా వినపడి తలుపు తీశాను. ఒక కాలే మోపుతోంది.

"ఏమైంది?"

"బుధారం కల్ల మొత్తం తగ్గింది ఆంటీ. వాపు లేదు, నొప్పి లేదు. మీ కాలు మంచిగ పనిచేసిందనుకున్న. శుక్రారం పొద్దుగాల ఉర్కిన. మలుపు కాడ మల్ల మెలేసింది. ఈసారి చప్పుడైంది." కుర్చీలో కూలబడి కాలు ముందుకు చాపింది. "ఏం కాదు గదా? మీరు ఇంకోసారి తాకిస్తే అయిపాయె. ఇంకా పది దినాలున్నయ్."

పాదం గుమ్మడిపండులా ఉంది. కమిలిన రంగు వేళ్ళ దాకా దిగింది. ఆ పిల్ల ముఖంలో భయం లేదు, నా మీద నమ్మకమే ఉంది. అదే నన్ను చంపింది. నొప్పి పోయినంత మాత్రాన నయమైనట్టు కాదని నాకు చెప్పారు. ఆమెకి నేను చెప్పలేదు. చెప్తే క్లినిక్‌కి పోతుంది, నా దగ్గరికి రాదు. అంతే కదా నా లెక్క.

చాప మీద నిలబడ్డాను. కాలెత్తలేకపోయాను. కుచ్చిళ్ళు పైకి పట్టుకుని నా చీలమండ చూపించాను.

"చూడు" అన్నాను. "ఇది నీ కంటే ముందు బెణికింది. దీన్నే నేను బాగుచేసుకోలేకపోయాను. క్లినిక్‌కి వెళ్ళి బెల్టు కట్టించుకున్నాను. మూడు వారాలన్నది నేను కల్పించింది. నువ్వు మళ్ళీ మళ్ళీ వస్తావని."

భానుశ్రీ నా బెల్టు వైపు చూసింది. నా ముఖం వైపు చూసింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఈ ముచ్చట పోయిన ఐతారం చెప్పొద్దా ఆంటీ?" అంది, చాలా మెల్లగా.

ఆదివారం మధ్యాహ్నం దాకా క్లినిక్ ఉంటుంది. ఇద్దరం బయల్దేరాం. ఆ పిల్లకి ఎడమ కాలు ఆనదు, నాకు కుడి కాలు ఆనదు. రెండంతస్తులు ఒకరి భుజం ఒకరం పట్టుకుని దిగాం. పట్టుకోక తప్పదు కాబట్టి పట్టుకుంది. కింద సరోజ తలుపు తీసి, మమ్మల్నిద్దర్నీ, కుచ్చిళ్ళ కింద కనపడుతున్న నా బెల్టునీ చూసి, నోరు తెరిచినది తెరిచినట్టే నిలబడింది. ఆ తెరిచిన నోరు చూస్తే మామూలుగా అయితే నాకు నవ్వొచ్చేది.

ఇషిత చీలమండని అటూ ఇటూ మెల్లగా కదిపి చూసింది. బయటి వైపు లిగమెంట్ బాగా చిరిగినట్టుంది, స్కాన్ తీయిద్దాం అంది. ఆరు వారాల దాకా పరుగు మాట ఎత్తొద్దంది.

"నెలాఖర్న ఫిజికల్స్ ఉన్నయ్" అంది భానుశ్రీ.

ఇషిత తల అడ్డంగా ఊపింది. పోయిన వారమే వచ్చి ఉంటే ఏమయ్యేదని ఆ పిల్లే అడిగింది. నేను అడక్కముందే అడిగింది. మొదటిసారిది చిన్న బెణుకే అయి ఉండొచ్చనీ, బెల్టు, వ్యాయామాలు మొదలుపెట్టి ఉంటే పరిగెత్తగలిగేదేమోననీ చెప్పింది ఇషిత. "శాయద్" అంది. కావచ్చునని. ఆ ఒక్క మాట కంటే, నీ వల్లే పోయింది అని నా ముఖాన అన్నా బాగుండేది.

ఆటోలో ఆ పిల్ల బయటికే చూస్తూ ఏడ్చింది. ఇంటికి రా, అన్నం తిని వెళ్దువుగాని అన్నాను. వద్దంది. పీజీ ముందు దిగిపోయింది. చెయ్యందించబోతే గోడ పట్టుకుంది.

సాయంత్రం సరోజ ఫోన్ చేసింది. "అయ్యో లీలావతి గారూ, ఇన్నాళ్ళూ ఆ కాలు పెట్టుకునే చేశారా? చెప్పనైనా చెప్పలేదు. మీరు హాయిగా రెస్ట్ తీసుకోండి. మేమెవరం మిమ్మల్ని ఇబ్బంది పెట్టం" అంది. నేననుకున్న మాటే, అక్షరం పొల్లుపోకుండా అంది. మంచి మనిషి. ఇడ్లీలు పంపిస్తానంది కూడా. వద్దన్నాను.

తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. మరుసటి ఆదివారమూ రాలేదు. ఆ మధ్యలో భానుశ్రీ పరీక్ష రోజు వచ్చి వెళ్ళిపోయింది. ఆ రోజు పొద్దున్నే లేచి కూర్చున్నాను. ఏ మైదానంలోనో పిల్లలు వరసలో నిలబడి ఉంటారు, పేర్లు పిలుస్తుంటారు. ఆమె పేరు పిలిస్తే పలికేవాళ్ళుండరు. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేయడానికి ధైర్యం చాలలేదు.

అప్పుడు నాకు కొత్త సంగతొకటి తెలిసింది. నా ఇంటికి అందరూ వచ్చారే గానీ, నేను ఎవరింటికీ వెళ్ళలేదు. పిలవలేదని వెళ్ళలేదు. పిలిచేదాకా చూస్తూ కూర్చోవడమే మర్యాద అనుకున్నాను. ఫ్లాస్కులో ఐసు ముక్కలు నింపుకున్నాను. ఇన్నాళ్ళ తర్వాత ఐసు అవసరం ఉండకపోవచ్చు. నాకు తెలుసు. ఖాళీ చేతులతో వెళ్ళడం చేతకాక నింపుకున్నాను.

పీజీలో ఆమె గది మూడో అంతస్తు. మెట్టుకో నిమిషం చొప్పున ఎక్కాను. తలుపు తడితే భానుశ్రీయే తీసింది. కాలికి బెల్టుంది. వెనక మంచం మీద సూట్‌కేసు తెరిచి ఉంది, బట్టలు సగం సర్ది ఉన్నాయి. గదిలో ఇంకెవరూ లేరు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, లోపలికి రమ్మనలేదు.

"ఇంటికి పోతున్న ఎల్లుండి. నాన్న టికెట్ చేసిండు" అంది.

"అమ్మా, తప్పు నాది. మీ నాన్నగారితో నేను మాట్లాడతాను" అన్నాను.

"ఏమని మాట్లాడ్తరు?"

ఫ్లాస్కు చాపాను. తీసుకోలేదు. తలుపు పట్టుకుని నన్ను చూస్తూ నిలబడింది.

"ఒక్క మాట అడుగుత ఆంటీ. మీరిప్పుడు నా కోసం వచ్చిండ్రా, మీ కోసం వచ్చిండ్రా?"

నీ కోసమే అని చెప్పొచ్చు. ఆమె వయసు పిల్లలు ఆ మాటకి కరుగుతారు. లోపలికి రమ్మనేదేమో, మంచం మీద బట్టలు పక్కకి జరిపి చోటిచ్చేదేమో, కాసేపు ఇద్దరం కూర్చునేవాళ్ళమేమో. రెండు రోజులన్నా ఆ పిల్ల నాకు మిగిలేది. ఎంత ఆశపడ్డానో చెప్పలేను. కానీ ఒకసారి ఆ ఆశతోనే ఆ కాలు పాడుచేశాను.

"నా కోసమే వచ్చానమ్మా" అన్నాను.

భానుశ్రీ తలూపింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ జారనివ్వలేదు.

"ఠీక్ హై. నిజమన్న చెప్పిండ్రు. ఇంక రాకుండ్రి ఆంటీ" అని మెల్లగా తలుపు వేసింది.

ఫ్లాస్కు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. లోపల సూట్‌కేసు జిప్పు లాగుతున్న చప్పుడు, మధ్యలో ఆగిన చప్పుడు, ఆ పిల్ల వెక్కివెక్కి ఏడుస్తున్న చప్పుడు వినపడ్డాయి. అవతల తనొక్కతే, ఇవతల నేనొక్కదాన్నే. తట్టాలని చెయ్యి ఎత్తాను. రావద్దంది కాబట్టి తట్టలేదు.